చాచిన చెయ్యి



మార్కు సువిశేషం మూడవ అధ్యాయం తెరవండి. అది విశ్రాంతి దినం. ప్రార్థనామందిరంలో చెయ్యి ఎండిపోయిన మనిషి ఒకడున్నాడు. ప్రభువు అతణ్ణి నలుగురి మధ్యకు పిలిచాడు. ఆ చేతిని తానే పట్టి లేపలేదు, అతణ్ణే చాపమన్నాడు. అతడు చాపాడు, స్వస్థుడయ్యాడు.

మరి వృద్ధాశ్రమాల్లో చక్రాల కుర్చీలో ఉన్న మన పెద్దలను ఎక్కడ కూర్చోబెడుతున్నాం? మధ్యలోనా, గోడవారనా? "పాపం, కదిలించకండి" అంటాం. కదలని కీలు బిగుసుకుంటుంది. పనిలేని కండ కరుగుతుంది. గంటల తరబడి ఒకే తీరున కూర్చున్న ఒంటికి పుండ్లు పడతాయి. మన జాలే వారికి శిక్ష అవుతోంది.

1839 చలికాలంలో ఫ్రాన్సు దేశంలో పునీతురాలు జాన్ జూగాన్, చూపులేని, పక్షవాతం సోకిన ఒక వృద్ధురాలిని ఇంటికి తెచ్చి తన మంచమే ఇచ్చింది. మనల్ని మంచం ఎవరూ అడగడం లేదు. పావుగంట ఇవ్వగలమా?

ఈ ఆదివారం పూజ తర్వాత పండ్లతోపాటు ఆ పావుగంటను తీసుకువెళ్ళండి. ముందుగా డాక్టరుగారిని, అక్కడి సిస్టర్లను అడగండి. కుర్చీ బ్రేకులు రెండూ వేయండి. ఎదురుగా మీరూ కూర్చుని జపమాల పట్టండి. పూసకొకసారి చొప్పున పదిసార్లు పిడికిలి ముడిచి విప్పమనండి. మరో పదికి భుజాలు ఎత్తి దించడం, మరో పదికి మడమ ఆనించి పాదం పైకి లేపడం. మీరూ వారితో చేయండి. ఊపిరి బిగబట్టనీయకండి. నొప్పి అన్నా, కళ్ళు తిరిగినా, ఛాతీ బరువెక్కినా వెంటనే ఆపండి. కాలు రాకపోతే చెయ్యి చాలు. చెయ్యి రాకపోతే వేలు చాలు.

ఇది అద్భుతం కాదు. నడవలేనివారు నడవకనే పోవచ్చు. కాని అన్నం ముద్ద తన చేత్తో తానే తినడం, నుదుటిదాకా చెయ్యెత్తి సిలువ గుర్తు తానే వేసుకోవడం చిన్న సంగతా?

తాతామామ్మల, వృద్ధుల దినాన్ని జులై నాలుగవ ఆదివారానికి 2021లో పోపు ఫ్రాన్సిస్ గారు నెలకొల్పారు. అందాకా ఆగకండి. అక్కడ మీ అమ్మే ఉందేమో, మీ నాన్నే ఉన్నారేమో! నెలనెలా కట్టే డబ్బు వారి చెయ్యి పట్టుకోలేదు. మీరు వెళ్ళి మీ చెయ్యి చాపండి. వారూ చాపుతారు.

ప్రభువు మీకు తోడైయుండునుగాక. ఆమెన్.