కాయలు కాచిన వేళ్ళు

ఇరవై ఏళ్ళ కుర్రాడు గిటార్ సంచీ భుజాన తగిలించుకుని యూసుఫ్‌గూడ బస్తీలో నడిచి వెళ్తే ఎందుకని ఎవరూ అడగరు. పక్కనే కృష్ణానగర్, సినిమా అవకాశాల కోసం వచ్చాడేమో అనుకుంటారు. ముప్పై దాటిన ఆడమనిషి అదే సంచీతో కనిపిస్తే మాత్రం "మీ బాబుదా?" అంటారు. కాదని చెప్తే తర్వాతి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. "నేర్చుకుని ఏం చేస్తారు?"

ఈ ప్రశ్న మీద కోపం తెచ్చుకోవడం చాలా తేలిక. అయితే ఏడు నెలలుగా దాన్ని వింటున్నాక, అది అడగాల్సిన ప్రశ్నే అనిపిస్తోంది నాకు. ఎవరికీ ఉపయోగపడని, నాకు ఎప్పటికీ గొప్పగా రాదని దాదాపు ఖాయమైన పనిలో పట్టుదల చూపడం ఒక మంచి గుణమా, లేక పద్ధతిగా కాలం వృథా చేసుకోవడమా?

గిటార్ మొదటి నెలల్లో సంగీతం ఉండదు. నొప్పి ఉంటుంది. ఉక్కు తీగల్ని ఎడమచేతి వేలికొసలతో కర్రకి ఆనేలా నొక్కాలి. సరిగ్గా నొక్కకపోతే తీగ పలకదు, బుసకొడుతుంది. చర్మం మండి, ఎర్రబడి, కొన్ని వారాలకి గట్టిపడి కాయ కాస్తుంది. ఈలోగా ఎఫ్ కార్డ్ వస్తుంది. చూపుడువేలు ఒక్కటే మొదటి మెట్టు మీద ఆరు తీగల్నీ అడ్డంగా అదిమిపట్టాలి, మిగతా మూడు వేళ్ళూ ఇంకో మూడు చోట్ల ఉండాలి. చాలామంది ప్రయాణం ఇక్కడే ఆగుతుంది. కొత్తగా గిటార్ పట్టినవాళ్ళలో 90 శాతం మంది మొదటి ఏడాదిలోనే వదిలేస్తారని ఫెండర్ కంపెనీ అధిపతిగా ఉండగా ఆండీ మూనీ లెక్క చెప్పేవాడు. అదే కంపెనీ 2018లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం అమెరికా, బ్రిటన్‌లలో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళలో సగం మంది స్త్రీలు. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకో సందేహం. వదిలేసేవాళ్ళకి ఆసక్తి చచ్చిపోయిందని అందరూ అంటారు. కుక్కర్ మూడో కూత దగ్గర ఆగిపోయిన సాధనని కూడా ఆసక్తి లేకపోవడం కిందే జమకట్టారా?

ఆసక్తి నిలుపుకోవాలంటే లక్ష్యం పెట్టుకోమని సలహా ఇస్తారు. అమీర్‌పేటకి కూతవేటు దూరంలో ఉంటూ ఆ మాట వినకుండా బతకడం ఎలాగూ కుదరదు. మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా కోర్సులే. ఇన్ని రోజుల్లో ఇది, ఇన్ని వారాల్లో అది, ఆపైన ఉద్యోగం. ఆ గదుల్లో చదువుకుని తమ ఇళ్ళ తలరాత మార్చిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్ళని తక్కువ చెయ్యను. కాకపోతే ఆ తర్కం చదువులన్నిటికీ పాకిపోయింది. మా గిటార్ మాస్టారు కూడా మూడో నెలలోనే గ్రేడ్ పరీక్ష రాయమన్నారు, "సర్టిఫికెట్ ఉంటే మీకూ ఉత్సాహంగా ఉంటుంది మేడం" అని.

మన ఇళ్ళలో ఆడవాళ్ళ సంగీతానికి ఎప్పుడూ ఏదో ఒక సర్టిఫికెట్ ఉండనే ఉంది. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడటానికి సరిపడా నేర్పించేవారు. పెళ్ళయ్యాక వీణ గలేబు తొడుక్కుని మూలకి చేరేది. అంతకుముందు సంగీతం వృత్తిగా బతికిన స్త్రీలకి 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం దాకా సాగిన సంస్కరణలు విముక్తితో పాటు మౌనాన్నీ ఇచ్చాయి. త్యాగరాజు సమాధి మందిరాన్ని తన సొంత సొమ్ముతో కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ, ఆరాధనలో స్త్రీలు పాడటం కోసం అక్కడే పోరాడాల్సి వచ్చింది. పొట్టకూటికి పాడితే నింద, పెళ్ళికి పాడితే అలంకారం. ఈ రెండూ కాకుండా ఊరికే, తనకోసం, అదీ అంతంతమాత్రంగా వాయించుకునే ఆడమనిషికి మన భాషలో సరైన పేరైనా ఉందా?

ఎలిజబెత్ కాటన్ కథ తరచుగా గుర్తొస్తుంది. 1893లో అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. చిన్నతనంలోనే ఇళ్ళలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో గిటార్ కొనుక్కుంది. ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ళకి కట్టిన తీగల్ని మార్చకుండా గిటార్‌నే తిప్పి పట్టుకుని, బొటనవేలితో రాగం, మిగతా వేళ్ళతో మందరం పలికించే పద్ధతి తనే కనిపెట్టుకుంది. తర్వాత పెళ్ళి, బిడ్డ, అవి దేవుడికి నచ్చని పాటలని చర్చి చెప్పిన మాట. దశాబ్దాలు గిటార్ ముట్టలేదు. వయసు మళ్ళాక సీగర్ కుటుంబంలో ఇంటిపనికి చేరి, అక్కడున్న గిటార్‌ని మళ్ళీ అందుకుంది. 1958లో మొదటి రికార్డు, 1985లో గ్రామీ. ఈ కథని పట్టుదలకి ఉదాహరణగా చెప్తారు. నాకు ఆ గ్రామీ కన్నా ఆ నిశ్శబ్ద దశాబ్దాలే ముఖ్యం. ఆమెలో ఆసక్తి లేక ఆగిపోలేదు. గ్రామీ రాకపోయి ఉంటే, ఆ ఇంట్లో పని ముగించుకుని ఆమె వాయించుకున్న సాయంత్రాల విలువ తగ్గేదా?

తగ్గదని ధైర్యంగా అనేద్దామంటే మా సందులో బ్లౌజులు కుట్టే ఆమె అడ్డొస్తుంది. ఒకరోజు నా వేలికొసలు చూసి నవ్వి, తన బొటనవేలు చూపించింది. కత్తెర ఒరుసుకుని కాచిన కాయ, నావాటికన్నా ఎంతో పాతది. "ఇది నాకు అన్నం పెట్టింది మేడం. మీది ఏం పెడతది?" అంది. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది. తీరిక కూడా ఒక ఆస్తి, అది నాకుంది, ఆమెకి లేదు. దీనికి సమాధానం నేను వాయించడం మానెయ్యడం కాదని మాత్రం తెలుసు. ఆమెకీ ఒక గంట దొరకాలి. అది గిటార్‌తో తేలే విషయం కాదు, కూలి రేట్లతో, ఇంటిపని ఎవరు చేస్తారన్నదానితో తేలాలి.

ఇక ఐరిస్ మర్డాక్. 'ది సావరిన్టీ ఆఫ్ గుడ్' (1970)లో ఆమె రష్యన్ భాష నేర్చుకోవడాన్ని ఉదాహరణగా తీసుకుంటుంది. మన ఇష్టాయిష్టాలతో సంబంధం లేని ఒక కట్టడి ముందు నిలబడతాం, గమ్యం దూరం, బహుశా అందదు, అయినా దానిమీద పెట్టే ధ్యాస మనల్ని మననుంచి బయటికి తెస్తుంది, నైతిక జీవితానికి అదే నమూనా అంటుంది. చదివినప్పుడల్లా తల ఊపుతాను, ఆ వెంటనే ఎదురుతిరగాలనిపిస్తుంది. తనని తాను మరిచిపోవడం ఆడవాళ్ళకి కొత్తగా నేర్పాలా? మా అమ్మ నలభై ఏళ్ళుగా చేస్తున్నది అదే కదా!

అయినా రెండూ ఒకటి కావు. ఇంట్లో మనల్ని మనం మరిచిపోయేది ఎవరి ఆకలి కోసమో, ఎవరి కోపానికి భయపడో. గిటార్‌కి ఆకలెయ్యదు. పక్కన పెడితే అలగదు, మెచ్చుకోదు, నేను త్యాగం చేశానని చెప్పుకోదు. దానికి నా అవసరం లేదు. నా అవసరం లేనిదానిమీద ధ్యాస పెట్టడం నాకు కొత్త. సేవ కాని ధ్యాస అంటే ఏమిటో ఎఫ్ కార్డ్ దగ్గరే మొదటిసారి తెలిసింది. తప్పు పలికితే తప్పు పలికిందంతే. అందులో నా శీలానికి, పెంపకానికి సంబంధించిన తీర్పు ఉండదు.

ఇంత తత్వం చెప్పినా పొద్దున్నే లేచి వాయించడానికి అది సాయపడదు. సాయపడేవి చిన్నవి. గిటార్‌ని సంచీలో దాచకుండా గోడకి తగిలించాను, కళ్ళెదుట ఉంటే చెయ్యి పోతుంది. ఆదివారం రెండు గంటల కన్నా రోజూ పావుగంట మేలు. విడివిడిగా చేసిన అభ్యాసం ఎక్కువ నిలుస్తుందని ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే రాశాడు, మన అమ్మమ్మలకి ముగ్గులతో తెలిసిన సంగతే. ఆ పావుగంట తలుపు వేసి ఉంటుంది. గ్రేడ్ పరీక్ష వద్దన్నాను, మాస్టారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. ఎఫ్‌లో ఇప్పటికి ఆరు తీగల్లో నాలుగు పలుకుతున్నాయి.