కప్ప పట్టిన వ్రతం

ఎండాకాలం ముదిరితే ఉదయగిరి కొండ కింది మెట్ట ఊళ్లలో, ఆత్మకూరు చుట్టుపక్కల చెరువులు అడుగంటి నేల బీటలు వారుతుంది. నిన్నటిదాకా గట్టున గెంతిన కప్పలు ఒక్కటీ కనిపించవు. అవి చావలేదు. కొన్ని జాతుల కప్పలకు వెనక పాదాల అడుగున పారలాంటి గట్టి బుడిపె ఉంటుంది. దానితో మట్టి తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి దిగిపోతాయి. ముఖం లోకం వైపే ఉంటుంది, ఒళ్లు మాత్రం లోపలికి జారుతుంది. తేమ తగిలినచోట ఆగి, ఒంట్లో దాచుకున్న సత్తువను పొదుపుగా వాడుకుంటూ వాన కోసం పడివుంటాయి.

ఋగ్వేదం ఏడో మండలంలోని 103వ సూక్తం ఈ కప్పలదే. ఏడాదంతా మౌనంగా పడివున్న వాటిని వ్రతం పట్టిన బ్రాహ్మణులతో పోల్చి, పర్జన్యుడే వాటి గొంతు విప్పించాడంటాడు వసిష్ఠుడు. మాక్స్ ముల్లర్ దీన్ని పురోహితుల మీద పరిహాసంగా చదివాడు. నేను నిరుక్తకారుడు యాస్కుడి వైపే నిలబడతాను. వాన కోరి వసిష్ఠుడు పర్జన్యుణ్ణి స్తుతిస్తుంటే కప్పలు వంతపాడాయనీ, అది చూసి ఆయన వాటినే స్తుతించాడనీ నిరుక్తం చెబుతుంది. ఋషి ఆ జీవంలో తన తోటి సాధకుణ్ణి చూశాడు. వానలు మొహం చాటేసిన ఏడాది, రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించుకునే మన కప్పతల్లి ఆటలోనూ ఆ చూపే ఉంది.

గీత రెండో అధ్యాయం స్థితప్రజ్ఞుడికి తాబేలును చూపింది. తాబేలు తనకు తానై అంగాలు ముడుచుకుంటుంది, తలచినప్పుడు చాపుకుంటుంది. కప్పకు ఆ స్వాతంత్ర్యం లేదు. లోపలికి దిగడం దాని పని, పైకి పిలవడం మేఘం పని. తాబేలుది నిగ్రహమైతే కప్పది శరణాగతి. సాధనలో మొదటిదాని గురించే మనం ఎక్కువ మాట్లాడుకుంటాం. రెండోది లేకపోతే నిగ్రహం కూడా అహంకారానికే మేత అవుతుందని నా నమ్మకం.

ఈ వ్రతం ఉత్తరాన ఇంకా కఠినం. అలాస్కా అడవి కప్ప ఆకుల కింద నిజంగానే గడ్డకడుతుంది. ఒంట్లోని నీటిలో సగానికి పైగా మంచవుతుంది, ఊపిరి ఆగుతుంది, గుండె ఆగుతుంది. మైనస్ 18 డిగ్రీల చలిని కూడా అది తట్టుకున్నట్టు శాస్త్రజ్ఞులు చూశారు. దాన్ని కాపాడేది తీపి. చర్మానికి మంచు తగలగానే కాలేయం రక్తంలోకి గ్లూకోజును కుమ్మరిస్తుంది. మంచు జీవకణాల చుట్టూ పేరుకుంటుంది, వాటి లోపలికి మాత్రం రాదు. ఆ తీపి చలి వచ్చాక పుట్టింది కాదు. అంతకుముందే తిని కాలేయంలో కూడబెట్టుకున్నది.

కూర్మం మాట చెప్పిన వెంటనే గీత ఒక హెచ్చరిక చేస్తుంది. ఆహారం మానితే విషయాలు తొలగుతాయి గాని రుచి తొలగదు, పరమాన్ని దర్శించాకే అదీ పోతుందని. వట్టి మానుకోవడంతో లోపల మిగిలేది ఎండిన ఆకలే. జపమో, సత్సంగమో, తోటివాడి మీద ప్రేమో ఆరోగ్యంగా తిరిగే రోజుల్లో చేరి ఉంటే, కష్టకాలపు మౌనంలో దాని తీపే లోపలి ప్రాణాన్ని పగలకుండా పట్టి ఉంచుతుంది. వసంతం వచ్చాక ఆ కప్ప కరగడం లోపలినుంచే మొదలవుతుంది. ముందు గుండె కొట్టుకుంటుంది, కాళ్లు ఆ తరువాతే కదులుతాయి.