టీచరుకు పట్టిన జలుబు



ఈసారి నేను జలుబు గురించి వ్రాస్తున్నాను. నవ్వకండి. ఆగస్టు నుండి మా ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

నా భార్య ఇక్కడ టెక్సాస్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో కిండర్‌గార్టెన్ టీచర్. ఆగస్టులో బడి తెరిచారు. థాంక్స్‌గివింగ్ ఇంకా రానే లేదు, ఆమెకు మూడోసారి జలుబు చేసింది. జాగ్రత్త లేక అనుకుంటారేమో! ఆమెను చూసినవారెవరూ ఆ మాట అనలేరు. పొద్దున తలుపు దగ్గరే నిలబడి ప్రతి పిల్లవాడి అరచేతిలో శానిటైజర్ వేస్తుంది. భోజనానికి ముందు ఏబీసీడీల పాట మొత్తం పూర్తయ్యేవరకు సబ్బుతో చేతులు రుద్దిస్తుంది. మధ్యాహ్నం పిల్లలు ఆటకు వెళ్లగానే బల్లలు, తలుపు పిడులు, క్రేయాన్ డబ్బాలు అన్నీ వైప్స్‌తో తుడుస్తుంది. ఆ వైప్స్ కూడా చాలాసార్లు మా డబ్బుతో కొన్నవే. ఇంటికొచ్చాక చెప్పులు గరాజ్‌లోనే, బట్టలు నేరుగా వాషర్‌లోకి, తరువాత తలస్నానం. అప్పటిదాకా మా నాలుగేళ్ల బాబు "మమ్మీ" అని ఏడుస్తున్నా ఎత్తుకోదు.

ఇంత చేశాక ఏం జరుగుతుంది? ఒక పిల్లవాడు వచ్చి షూ లేసు కట్టమంటాడు. ఆమె వంగుతుంది. వాడు సరిగ్గా ముఖం మీద తుమ్ముతాడు. అంతే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. రాత్రి సిస్టమ్ పడిపోతే తెల్లవారి అందరం కాల్‌లో కూర్చుని "ఎందుకు" అని ఒకదాని వెనుక ఒకటి అడుగుతాం, తప్పు ఎవరిదో తేలేవరకు. ఆ అలవాటును నేను భోజనాల బల్ల దగ్గరికి తెచ్చాను. "చేతులు కడిగావా? ఎన్నిసార్లు? మాస్కు తీశావా? ఎప్పుడు తీశావు?" ఆమె ముక్కు చీదుకుంటూ అన్నిటికీ జవాబు చెప్పేది. జాలిపడాల్సిన చోట నేను విచారణ జరిపాను.

తరువాత కాస్త చదివితే తెలిసింది, నా ప్రశ్నల్లోనే లోపముందని. జలుబు తెచ్చే వైరస్‌లు రెండువందలకు పైగా ఉన్నాయి. వాటిలో రైనోవైరస్ ఒక్కదానికే నూట యాభైకి పైగా రకాలు. ఒక రకానికి శరీరం అలవాటుపడేలోగా ఇంకొకటి వస్తుంది. అందుకే దీనికి ఇంతవరకు టీకా లేదు. పెద్దవారికి సాధారణంగా ఏడాదికి రెండు మూడు జలుబులైతే, చిన్నపిల్లలకు అంతకు రెండు మూడింతలు. పైగా ముక్కు కారడం మొదలవకముందే పిల్లవాడు ఇతరులకు అంటించగలడు. అంటే టీచరు గుర్తుపట్టేసరికే ఆలస్యమైపోతుంది. చేతులు కడగడం వలన జబ్బులు తగ్గుతాయి, అందులో సందేహం లేదు, మానకూడదు. అయితే తగ్గడం వేరు, అసలు రాకపోవడం వేరు. ఐదేళ్ల పిల్లలకు గది అవతలి నుండి ఎవరూ చదువు చెప్పలేరు.

అక్టోబరులో మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. అమ్మకు ఉబ్బసం ఉంది. ఇన్హేలర్ లేకుండా గడప దాటదు. నా భార్య అత్తయ్యకు ఏమవుతుందోనని ఇంట్లో కూడా మాస్కు వేసుకుంది, వేరే గదిలో పడుకుంది. అయినా రెండో వారంలో అమ్మకు జలుబు పట్టి, మూడో రోజుకి ఆయాసంగా మారింది. ఒక రాత్రి అర్జెంట్ కేర్‌కి పరుగెత్తాం. నెబ్యులైజర్ పెట్టి రెండు గంటలు ఉంచి పంపారు. కారులో ఎవరం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నేను నా భార్యతో అన్నాను: "నీ ఉద్యోగం అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. మానెయ్."

ఆమె ఏమీ అనలేదు. వెళ్లి మర్నాటి బడికి కావలసిన కాగితాలు కత్తిరించుకుంటూ కూర్చుంది.

ప్రియ సహోదరుడా, ఈ మాటలు ఇక్కడ వ్రాయడం నాకు సులువుగా లేదు. ఆదివారం స్టేజి మీద గిటార్ పట్టుకునేది నేనే.

ఆ వారమే ఫెలోషిప్‌లో ఒక సహోదరి, మంచి మనసుతోనే, నా భార్యను అడిగింది: "91వ కీర్తన రోజూ చదవడం లేదా?" ఏ తెగులూ గుడారం దగ్గరికి రాదన్న వాగ్దానం ఆ కీర్తనలో ఉంది, నిజమే. నాకూ అది ప్రియమైన కీర్తన. కాని మత్తయి సువార్త 4వ అధ్యాయం తెరిచి చూడండి. దేవాలయ శిఖరం మీద ఆ కీర్తననే ఎత్తి చూపి ప్రభువును దూకమన్నది ఎవరు? దేవుని వాగ్దానాన్ని ఆయనను పరీక్షించే సాధనంగా చేయకూడదని ప్రభువు జవాబిచ్చాడు. నేను శానిటైజర్‌ను నమ్మాను, ఆ సహోదరి కీర్తనను శానిటైజర్‌లా వాడమంది. ఇద్దరం ఒకటే అనుకున్నాం: సరిగ్గా చేసినవారికి జబ్బు రాదు, వచ్చిందంటే ఎక్కడో తప్పు చేసివుంటారు. యోబు స్నేహితులు కూడా ఇంతకంటే వేరే ఏమీ అనలేదు.

(మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు చేతులు కడుక్కోనవసరం లేదన్నాడని కొందరు అంటుంటారు. అక్కడ చర్చ పెద్దల పారంపర్యాచారం గురించి, శుభ్రత గురించి కాదు. దయచేసి చేతులు కడుక్కోండి.)

ధర్మశాస్త్రంలో దేవుడే దూరం పాటించమన్నాడు. లేవీయకాండము 13లో కుష్ఠరోగి పాళెం వెలుపల ఒంటరిగా ఉండాలి, తాను అపవిత్రుణ్ణని కేక వేస్తూ ఇతరులను హెచ్చరించాలి. హగ్గయి ప్రవక్త 2వ అధ్యాయంలో యాజకులను రెండు ప్రశ్నలు అడుగుతాడు. ప్రతిష్ఠిత మాంసాన్ని చెంగున కట్టుకున్నవాడు ఆ చెంగుతో రొట్టెను తాకితే రొట్టె ప్రతిష్ఠితమవుతుందా? కాదు అన్నారు. శవాన్ని ముట్టినవాడు దాన్ని తాకితే అపవిత్రమవుతుందా? అవుతుంది అన్నారు. కిండర్‌గార్టెన్ టీచర్లకు ఈ లెక్క బాగా తెలుసు. ఆరోగ్యం అంటదు, జలుబు అంటుతుంది.

ఇప్పుడు మార్కు 1వ అధ్యాయం చివరికి రండి. కుష్ఠరోగి వచ్చి మోకాళ్లూనాడు. ప్రభువు ఒక్క మాటతో బాగుచేయగలడు. శతాధిపతి దాసుణ్ణి చూడకుండానే స్వస్థపరిచినవాడాయన. అయినా ఇక్కడ చెయ్యి చాపి ముట్టాడు. ఎన్నేళ్లుగా ఎవరూ ముట్టని మనిషి! హగ్గయి అడిగిన ప్రశ్నకు ఆ ఒక్క స్పర్శలో జవాబు తిరగబడింది. ఈసారి అంటుకున్నది పవిత్రత. చాలా ప్రసంగాలు ఇక్కడే ఆగిపోతాయి. 45వ వచనం దాకా చదవండి. స్వస్థపడినవాడు ఊరంతా చాటించాడు, దానితో ప్రభువు ఏ పట్టణంలోకీ బాహాటంగా వెళ్లలేక బయట అరణ్యప్రదేశాల్లో ఉండిపోయాడు. వెలుపల ఉన్నవాడు ఊళ్లోకి వచ్చాడు, ముట్టినవాడు వెలుపలికి వెళ్లాడు. రోగం ఆయనకు అంటలేదు గాని, ముట్టినందుకు వెల ఏమీ లేకుండా పోలేదు.

"యేసుకు అంటలేదు కదా, విశ్వాసం ఉంటే మనకూ అంటదు" అంటారా? అయితే ఫిలిప్పీ పత్రికలో ఎపఫ్రొదితు దగ్గరికి వెళ్దాం. బంధకాల్లో ఉన్న పౌలుకు ఫిలిప్పీ సంఘం పంపిన కానుకలు తెచ్చినవాడు, పరిచర్యకు వచ్చినవాడు. వచ్చి తానే జబ్బుపడ్డాడు, చావుకు దగ్గరగా వెళ్లాడు. ఏ జబ్బో వాక్యం చెప్పలేదు. పక్కన ఉన్నది ఎవరు? మెలితే ద్వీపంలో పొప్లి తండ్రి మీద చేతులుంచి జ్వరాన్నీ రక్తభేదినీ పోగొట్టిన పౌలు! అయినా ఎపఫ్రొదితు మంచం పట్టాడు. పౌలు అతన్ని "నీ విశ్వాసం ఏమైంది" అని అడగలేదు. దేవుడు అతనిని కనికరించాడు, దుఃఖం మీద దుఃఖం కలగకుండా నన్నూ కనికరించాడు అని వ్రాశాడు. ఇలాంటివారిని గౌరవించమని సంఘానికి చెప్పాడు.

అక్కడ నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఎపఫ్రొదితు బాధపడింది తన జబ్బుకు కాదు, తాను జబ్బుపడ్డానని తనవాళ్లకు తెలిసిపోయిందని. నాకిది బాగా తెలిసిన బాధ. నూటరెండు జ్వరంతో ఉదయం ఐదింటికి లేచి, సబ్‌స్టిట్యూట్ టీచరు కోసం ఆ రోజు పాఠాలన్నీ టైప్ చేస్తున్న మనిషిని మా వంటగదిలో చూశాను. సిక్ లీవులు అయిపోతున్నాయని లెక్క పెట్టుకోవడం చూశాను. "పిల్లలు కొత్త టీచరుతో ఏడుస్తారేమో" అనడం విన్నాను. ఆ మనిషినే నేను విచారించాను.

అమ్మ కాస్త తేరుకున్నాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. బాపట్ల దగ్గర మా ఊళ్లో అమ్మ ఇరవై ఏళ్లు అంగన్‌వాడీ టీచరు. చీరచెంగుతో ఎంతమంది పిల్లల ముక్కులు తుడిచిందో లెక్కలేదు. "నీకు రెండో తరగతిలో గవదబిళ్లలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావురా? నేనే తెచ్చిపెట్టుంటాను. మీ నాన్న నన్నొక్క మాటన్నాడా?" అంది. తరువాత, "అయినా నాకు ఈ జలుబు కోడలి నుంచే వచ్చిందని నీకెవరు చెప్పార్రా? మనవడు రోజూ నా పక్కలోనే గదా పడుకుంటున్నాడు" అంది.

అప్పుడు నాకు ఆ మంగళవారం గుర్తొచ్చింది.

ఆ రోజు మాకు పెద్ద రిలీజ్ ఉంది. పొద్దున బాబుకు ఒళ్లు వెచ్చగా ఉంది. నా భార్య అప్పటికే బడికి వెళ్లిపోయింది. మందు వేయకుండా ఇరవైనాలుగు గంటలు జ్వరం లేకపోతేనే పంపాలని వాడి ప్రీస్కూల్ వాళ్లు ముందే చెప్పారు. నేను సంతకం కూడా పెట్టాను. టైలెనాల్ వేశాను, వేడి తగ్గింది, దింపేసి వచ్చి కాల్‌లో కూర్చున్నాను. మధ్యాహ్నం మందు ప్రభావం తగ్గాక వాళ్లు ఫోన్ చేశారు. ఆ వారాంతానికి అమ్మ దగ్గడం మొదలైంది. తరువాతి వారం వాడి టీచరు నాలుగు రోజులు బడికి రాలేదు. మావాడి నుండే అంటిందని రుజువు చేయలేను. కాదని కూడా అనలేను. "ఎందుకు" అని ఐదుసార్లు అడిగితే చివరికి నా ముఖమే కనబడింది.

నా భార్యను క్షమాపణ అడిగాను. "ముందు కషాయం పెట్టండి, తరువాత చూద్దాం" అంది. బాబు టీచరుకు కూడా ఈమెయిల్ వ్రాశాను, టైలెనాల్ సంగతి దాచకుండా. వ్రాసి ఒక రోజంతా పంపలేక, తరువాత పంపాను. ఆమె రెండు వాక్యాల జవాబు ఇచ్చింది: చెప్పినందుకు సంతోషం, బాబు ఇప్పుడు బాగున్నాడా?

మన ఫెలోషిప్‌లో బళ్లలో, డేకేర్లలో పనిచేసే సహోదరీలు ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మన సండే స్కూల్ టీచర్లు సరేసరి. వారిలో ఒకరు దగ్గుతూ కనిపిస్తే, ఏం తప్పు చేశారని అడగకండి. రసం చేసి గుమ్మం దగ్గర పెట్టి రండి. పిల్లలకు జ్వరముంటే మీటింగ్ ఉన్నా సరే ఇంట్లో ఉంచండి. మా కాల్ ఆ రోజు నేను లేకపోయినా జరిగేదే.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి మా ఇంట్లో టీచర్ల కోసం ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. హాలులో అమ్మ ఉంటుంది. నా భార్యకు దగ్గు ఇంకా తగ్గలేదు గనుక పై గది నుండి జూమ్‌లో కలుస్తుంది. లోపలికి రాగానే కుడివైపున సింకు ఉంది, సబ్బు పెట్టి ఉంచుతాం.