జాగా అందరిది, నిబంధనలు నావి

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు పోతుంటే, 65వ నంబరు హైవేకి కాస్త లోపలగా, మా చర్చిని ఆనుకుని ఒక ఖాళీ జాగా ఉంది. దాన్ని నలుగురూ కూడుకునే చోటుగా చెయ్యాలని మా పాస్టరేట్ కమిటీ తీర్మానించింది. రేకుల షెడ్డు, సిమెంటు గచ్చు, బాత్రూములు, ఒక బోరు. ఏం కట్టాలన్న దగ్గర పేచీ రాలేదు. ఎవరు వాడుకోవాలి, ఎట్లా వాడుకోవాలి అన్న కాగితం రాసే పని మాత్రం నా మీద పడింది. ఉద్యోగమంతా ఫ్యాక్టరీ ఆఫీసుల్లో లెక్కలు రాసినవాణ్ని, నిబంధనలు రాయడం నాకు చేతనైన విద్య. ఒక్క పూటలో రాసేశాను. తీరా చదువుకుంటే అందులో జాగా గురించి తక్కువ, నా గురించి ఎక్కువ ఉంది.

ముందు డబ్బు సంగతి చెప్పాలి. ఈ దారిలో ఇప్పుడు భూమిని ఎకరాల్లో ఎవరూ మాట్లాడరు, గజాల్లోనే. వరసగా మడిగెలు వేసి అద్దెకిద్దామని అన్నవాళ్లు మాలో ఉన్నారు. అబిడ్స్‌లో మెథడిస్ట్ కాంప్లెక్స్ లేదా అని చూపించారు. అదంత సులువు కాదు. మా సీఎస్ఐ ఆస్తులు సంఘం పేరిట ఉండవు, 1947లో పలు సంఘాలు ఏకమై చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయినప్పుడు ఏర్పడ్డ ట్రస్టు అసోసియేషన్ పేరిట ఉంటాయి. డయాసిస్‌ను దాటి మేం ఒక గోడ కూడా లీజుకివ్వలేం. కమిటీలో ఈ మాట చెప్పి మడిగెల ప్రతిపాదనను పడగొట్టింది నేనే. కానీ అయ్యగారు ప్రసంగం చెబుతుంటే మనసులో మడిగెలకు అద్దెలు లెక్క కట్టుకున్న ఆదివారాలు నాకున్నాయి. నేను వద్దన్నది ఆశ లేక కాదు, ఆ కాగితాలు ఎంత దూరం తిరగాలో తెలిసి.

ఇక నిబంధనలు. మొదటిది: రాత్రి ఎనిమిదికి గేటు మూసివేయబడును. సహజంగానే రాశాను, మా ఇంట్లో ఎనిమిదికి భోజనాలు. కానీ ఈ చుట్టుపక్కల రోజు గడియారాన్ని బట్టి నడవదు, షిఫ్టును బట్టి నడుస్తుంది. బీ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి ఎక్కి రాత్రి పదింటికి దిగుతుంది. ఇస్నాపూర్ వైపు రేకుల గదుల్లో ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు ఒక గదికి ఆరేడుగురు ఉంటారు. నైట్ షిఫ్టు చేసొచ్చినవాడు పగలు పడుకుంటాడు గనుక, సెలవు దొరికినవాడు గదిలో ఉండలేడు. రీచార్జి కొట్టు మెట్ల మీదో, మూసిన షట్టరు ముందో కూర్చుని ఊరికి వీడియో కాల్ చేసుకుంటుంటాడు. ఫోను కాస్త ఎత్తి పట్టుకుంటాడు, వెనక లారీలు కనబడకుండా. నలుగురూ కూడుకునే చోటు ఈ కాలుష్యపు నేల మీద ఎవరికన్నా అవసరమైతే ముందు వీళ్లకే. నా నిబంధనలో వాళ్లకు దొరికే గంటే లేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలింది. 46 మంది చనిపోయినట్టు తేలింది, మరో 8 మంది ఆనవాలే దొరకలేదు. డీఎన్ఏ పరీక్షల కోసం ఎక్కడెక్కడి నుంచో తల్లులు, భార్యలు వచ్చి పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర, ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజుల తరబడి కూర్చున్నారు. వాళ్ల కోసం ప్రార్థన చేశాం, కన్నీళ్లతోనే చేశాం. ఈ కాగితం రాసేటప్పుడు మాత్రం ఆ ఆడవాళ్లు నా కళ్ల ముందుకు రాలేదు. నాకు కనబడింది మా కోడలి సీమంతం.

రెండో నిబంధన: రిజిస్టరులో పేరు, ఆధార్ నంబరు నమోదు చేయవలెను. ఇది బయటివాళ్ల కోసమని రాశాను. అయితే దీనికి ముందు బెదిరేది మావాళ్లే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడు షెడ్యూల్డు కులంలో ఉండడు. మన రాష్ట్రంలో అతనికి మిగిలేది బీసీ-సీ, దానికున్న రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకని కాగితం మీద ఒక పేరు, బెంచీ మీద ఒక పేరు ఉన్న కుటుంబాలు ప్రతి చర్చిలో ఉంటాయి. బాప్తిస్మపు పేరుతో పిలిస్తే పలుకుతారు, సంతకం అడిగితే కనబడరు. చర్చి ఆవరణలో రిజిస్టరు పెట్టి ఆధార్ రాయమంటే సగం మంది కోత పండుగకు కూడా రారు. ఇంతా తెలిసి ఆ లైను ఎందుకు రాశాను? నా కాగితాలు సరిగ్గా ఉన్నాయి గనుక. సరిగ్గా ఉన్నవాడికి తనిఖీ మర్యాదగానే అనిపిస్తుంది.

మాది మొదట్లో మెదక్ వైపు పల్లె. కరువులో మిషనరీ పోస్నెట్ దొర మెదక్ చర్చి గుడి కట్టిస్తుంటే మా ముత్తాత మట్టి మోసి గింజలు తెచ్చుకున్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. అలా చెప్పుకోని కుటుంబం ఆ పక్క మాలో ఉండదు. అందరి ముత్తాతలూ నిజంగా మోసి ఉంటే ఆ శిఖరం 175 అడుగుల దగ్గర ఆగేది కాదు. సరే, ఆయన మోసినా మోయకపోయినా, ఊళ్లో రచ్చకట్ట మీద కూర్చునే హక్కు లేనివాడన్నది మాత్రం నిజం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి ఆవరణలో, ఎవరూ లేవమనకుండా కూర్చోగలిగాడు. ఇవాళ్టికీ మెదక్‌లో ఆ ఆవరణే గొప్పదని నాకనిపిస్తుంది. రంగుటద్దాల కిటికీలు చూడటానికి వచ్చేవాళ్లు వస్తారు. చెట్ల కింద చద్దరు పరుచుకుని పులిహోర డబ్బా విప్పేవాళ్లలో సగం మంది క్రైస్తవులు కారు. క్రిస్మస్ నాడైతే జనం గుడారాలు వేసి, పొయ్యిలు పెట్టి అక్కడే వండుకుంటారు. వాళ్ల చేతికి ఎవరూ నా కాగితంలాంటిది ఇవ్వరు. లేవమంటారేమోనని బెదిరిన మనిషి మునిమనవణ్ని నేను, ఎవరు కూర్చోవాలో వరస నంబర్లు వేసి రాశాను.

మూడోది, యూనియన్ మీటింగులకు ఇవ్వబడదు. దీని గురించి ఎక్కువ చెప్పను. మేనేజ్‌మెంటు బల్ల పక్కన కూర్చుని జీతం తీసుకున్నవాణ్ని, చెయ్యి అలవాటు కొద్దీ రాసింది. కొట్టేశాను.

కొట్టెయ్యలేకపోతున్నది ఒకటుంది: ఇతర మత కార్యక్రమాలకు ఇవ్వబడదు. నా భయం పూర్తిగా వట్టిదని అనను. కాలం ఎలా ఉందంటే, పక్కవాణ్ని పిలిచి పట్టెడన్నం పెట్టినా మతం మారుస్తున్నారన్న మాట పుడుతుంది. గొడవైతే అయ్యగారు స్టేషను మెట్లెక్కాలి. ఆ జంకు నిజమే. కానీ దాని చాటున ఇంకొకటి దాక్కుంది. శివరాత్రికి బీరంగూడ గుట్ట జాతరకు చిన్నప్పుడు స్నేహితులతో వెళ్లేవాణ్ని. ఆకులో పెట్టిన ప్రసాదం తింటుంటే నన్నెవరూ పేరడగలేదు. ఆ పిల్లల్లో ఒకడి మనవరాలి పుట్టువెంట్రుకల భోజనాలకు రేపు మా షెడ్డు అడిగితే ఏం చెప్పాలి? వాళ్లు పెడితే తిన్నాను, నేను పెట్టాల్సి వచ్చేసరికి సరిహద్దు గుర్తొచ్చింది. ఇన్నాళ్లకు మాకంటూ ఒక జాగా ఉంది, అది మాదిగా ఉండాలన్న పట్టు కూడా అందులో ఉంది. ఆ పట్టు అన్యాయమని ఒప్పుకోవడానికి నా నోరు రాదు. న్యాయమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

వచ్చే కమిటీకి తీసుకుపోయే కాగితంలో ఇప్పుడు మిగిలినవి: మద్యం వద్దు, మైకు పదింటికి ఆపాలి, వాడినవాళ్లే ఊడ్చాలి. ఇతర మతాల లైను దగ్గర పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను. గేటు మూసే వేళ పదకొండున్నర చేశాను, దానికి వాచ్‌మన్ జీతం ఎక్కణ్నుంచి తేవాలో కోశాధికారితో తేల్చుకోవాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా అప్పుడే తేలుతుంది. నా పేరు నేను ప్రతిపాదించుకోను, ఇంకెవరైనా ప్రతిపాదిస్తే కాదనను.