భోషాణపు ముక్కవాసన

కుమారారామ భీమేశ్వరుని క్షేత్రమైన సామర్లకోటలో, పాతయిండ్లయందలి టేకు భోషాణములు వానకాలపు తేమకు బూజుపట్టి, మూత యెత్తినంతనే ముక్కవాసన గొట్టుచుండును. ఈ దుర్గంధము కొయ్యదియా, కొయ్యను వచ్చి చేరినదియా?

ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహమున, గంధము పృథివియందు మాత్రమే యుండుననియు, అది సురభి, అసురభి యని ద్వివిధమనియు, పార్థివద్రవ్యముల రూపరసగంధస్పర్శలు తేజస్సంయోగముచే మాఱునవి గావున అనిత్యములనియు నిరూపించెను. కొయ్యయు పార్థివమే, దానిని నిర్గంధముగా జేయుట యసాధ్యము, అసురభిని దొలగించుట సాధ్యము. అందుచేతనే సాంబ్రాణిపొగతో వాసనను గప్పిపుచ్చుట నాకు సమ్మతము గాదు. దోషమునకు మూలము తేమయు, బూజును. సొరుగులు వెలికిదీసి, నీరు కలిపిన సిర్కాలో ముంచి పిండిన గుడ్డతో బూజు తుడిచి, గాలికి బాగుగా నారనిచ్చి, లోపల కొన్నాళ్లు బొగ్గులుంచవలెను. తీక్ష్ణమైన యెండకు పలకలు బీటలువాఱును; లేతయెండయే మేలు.

వాసనకు రోసి తాతలనాటి పెట్టెను పారవైచువారు ఆగంతుకదోషమును స్వభావముగా భ్రమించుచున్నారు. మనుష్యుల విషయమునను ఈ భ్రమ కలదు, అది మఱింత క్రూరము. అన్నంభట్టాది తార్కికులే రాగద్వేషములను ఆత్మగుణములుగా నంగీకరించియు, జీవునియందవి యనిత్యములనియు, అపవర్గమున, అనగా మోక్షమున, నశించుననియు సిద్ధాంతీకరించిరి.