తార్రోడ్డు మీద దమ్ము చక్రాలు

గోకవరం నుంచి రంపచోడవరం వెళ్లే దారిలో ఒక రైతు ఉండేవాడు. కింద వరిచేను, పైన కొండవాలులో జీడిమామిడి తోట. తోటకి వెళ్లాలంటే తార్రోడ్డు దిగి, ఎర్రమట్టి బాటలో చాలా దూరం పోయి, నడుమ ఒక వాగు దాటి, ఆపైన నిట్టనిలువు ఎగువ ఎక్కాలి. వేసవిలో అదేమంత పని కాదు. తొలకరి పడ్డాక మాత్రం ట్రాక్టరు తప్ప ఇంకేదీ ఆ బాటలో కదిలేది కాదు. ఒక ఏడాది జీడిగింజల మీద నాలుగు డబ్బులు మిగిలాయి. దాంతో రైతు మన శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్ పిక్‌అప్ ఒకటి కొన్నాడు. కావాలనుకున్నప్పుడు నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే ఫోర్ బై ఫోర్ రకం. గేరు రాడ్డు దగ్గర గుండ్రటి నాబ్, దాని మీద మూడు గుర్తులు: టూ-హెచ్ (వెనక రెండు చక్రాలే), ఫోర్-హెచ్ (నాలుగూ), ఫోర్-ఎల్ (నాలుగూ, నెమ్మదిగా ఎక్కువ బలంతో).

షోరూములో కుర్రాడు ఆ నాబ్ గురించి చెప్తుంటే రైతు శ్రద్ధగానే విన్నాడు. కానీ బండి నడిపేది ఆయన కాదు, కొడుకులు. వాళ్లిద్దరూ ఆ సమయానికి బండి ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

పెద్దోడు పొదుపరి. నాలుగు చక్రాలూ లాగితే డీజిలు రెట్టింపు తాగుతుందని ఎవరో చెవిలో వేశారు. "అది ఆపదకి పనికొచ్చేది. ఆపదొచ్చినప్పుడు చూసుకుందాం" అని నాబ్ జోలికే పోలేదు. చిన్నోడిది ఇంకో తీరు. "అంత డబ్బు పోసి కొన్నది దాచుకోవడానికా?" అని ఇంటి గుమ్మం దగ్గరే ఫోర్-హెచ్‌కి తిప్పేసేవాడు. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగితే వాడి ముఖం కూడా వెలిగేది.

ఆషాఢంలో పెద్దోడు డీఏపీ బస్తాలు తోటకి చేర్చి తిరిగొస్తున్నాడు. వెళ్లేటప్పుడు బరువు మీద వాగు బాగానే దాటాడు. ఖాళీ బండితో వచ్చేటప్పుడే చిక్కొచ్చింది. పిక్‌అప్ తీరే అంత. ఇంజను, క్యాబిను అంతా ముందు. వెనక బస్తాలు లేకపోతే తోసే చక్రాల మీద బరువుండదు. వాగు గట్టు ఎక్కుతుంటే వెనక చక్రం ఒకటి గిర్రున తిరిగింది. టైరు గాట్లు ఎర్రమట్టితో పూడి నున్నగా అయిపోయాయి. అక్కడ ఆగి ఉంటే పోయేది. వాడు యాక్సిలరేటరు ఇంకా తొక్కాడు. చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటూ దిగిపోయింది. ఇరుసు హౌసింగు మట్టికి ఆనాక, అప్పుడు గుర్తొచ్చింది నాబ్. వెనక చక్రాలు తిరుగుతుండగానే ఫోర్-హెచ్‌కి తిప్పాడు. కింద ఎక్కడో టంగుమని మోగింది. దీపం కాసేపు మిణుకుమిణుకుమని చివరికి నిలిచి వెలిగింది. నిలిచి ఏం లాభం? బండి బరువంతా అడుగున మట్టి మీద కూర్చుంది. చక్రాలకి నేల పట్టు దొరికితే కదా నాలుగైనా లాగడానికి! పొద్దుగూకే వేళకి పక్క ఊరి ట్రాక్టరు వచ్చి గొలుసు వేసి లాగింది.

"నాలుగు చక్రాలంటారు, నాలుగున్నా ఏం పీకలేదు" అని ఇంటికొచ్చి కసురుకున్నాడు.

వారం తిరక్కుండా చిన్నోడి వంతు వచ్చింది. ఎండ కాస్తున్న రోజు, స్నేహితులతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కాడు. అలవాటు ప్రకారం నాబ్ ఫోర్-హెచ్‌లోనే. తిన్నటి రోడ్డు మీద ఏమీ తెలియలేదు. మొదటి పెద్ద మలుపులో స్టీరింగు బరువెక్కింది. రెండోదానిలో టైర్లు కిర్రుమన్నాయి. మూడోదానిలో బండి ఎవరో వెనక్కి పట్టుకుని లాగినట్టు గుంజుకుంటూ, ఎగిరెగిరి పడుతూ తిరిగింది. "ఘాట్ రోడ్డంటే ఇలాగే ఉంటుందిరా" అని వాడు స్నేహితులకి ధైర్యం చెప్పాడు. ఇంటికొచ్చి టూ-హెచ్‌కి తిప్పితే దీపం ఆరలేదు. పొద్దున్నే మెకానిక్ బండి కింద దూరి, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు పట్టుకుని ఊపి చూపించాడు. చేతికి తెలిసేంత లూజు. ముందు టైర్ల అంచులు గరుకుగా, ఈకలు లేచినట్టు అరిగి ఉన్నాయి.

అన్నదమ్ములిద్దరూ బండి నీ వల్ల చెడిందంటే నీ వల్ల చెడిందని వాదించుకుంటున్నారు. అప్పటికే ఆ ఇంటి ఆడపడుచు పుట్టింటికొచ్చి ఉంది. తమ్ముళ్లకంటే పెద్దది. అత్తింట్లో నాట్ల సీజనులో ట్రాక్టరు మీద దమ్ము చేసేది తనే. కాసేపు వింది, విసుగొచ్చింది.

"ఒరే చిన్నోడా, దమ్ము చక్రాలేసుకుని ఎవడైనా తార్రోడ్డెక్కుతాడ్రా?"

"అదేంటక్కా, రోడ్డు పాడవుద్ది. పైగా పంచాయితీవాళ్లు ఊరుకోరు."

"నువ్వు చేసింది అదే. కాకపోతే ఇక్కడ రోడ్డు బదులు బండి పాడైంది. ఇక పెద్దోడా, నువ్వు? ట్రాక్టరు ఊబిలో కూరుకున్నాక దమ్ము చక్రాలు బిగిద్దామని స్పానరు తీసేవాడివి."

జాయింటు మార్పించాక, మళ్లీ వాన పడ్డ రోజున ఆవిడే తాళాలు తీసుకుంది. తమ్ముళ్లిద్దరూ పక్కన కూర్చున్నారు. తార్రోడ్డు మీదంతా టూ-హెచ్. మట్టిబాట మొదలై నేల మెత్తబడగానే స్టీరింగు తిన్నగా ఉంచి, కాలు యాక్సిలరేటరు మీంచి కొంచెం తేల్చి, బండి నడుస్తుండగానే ఫోర్-హెచ్‌కి తిప్పింది. వాగు దగ్గర ఆపి దిగింది. కర్రతో లోతు చూసింది, అడుగున రాయి ఉందో బురద ఉందో పొడిచి చూసింది. ఎగువ కింద పూర్తిగా ఆపి, క్లచ్చి తొక్కి, గేరు న్యూట్రల్లో పెట్టి ఫోర్-ఎల్‌కి మార్చింది. దీపం నిలిచి వెలిగేదాకా కదల్లేదు. అప్పుడు రెండో గేరులో, ఇంజను అరవకుండా, నడిచే మనిషి వేగంతో ఎక్కింది. దిగేటప్పుడు మొదటి గేరు. బ్రేకు మీద గానీ క్లచ్చి మీద గానీ కాలు పెట్టలేదు. ఇంజనే బండిని పట్టి ఉంచింది.

తిరిగి తార్రోడ్డెక్కే ముందు, ఇంకా మట్టి మీద ఉండగానే, నాబ్ టూ-హెచ్‌కి తిప్పింది. దీపం ఆరకుండా మిణుకుతోంది. చిన్నోడు కంగారుపడ్డాడు. "మళ్లీ పట్టేసిందక్కా!" ఆవిడ రివర్సు వేసి, బండిని నాలుగు గజాలు తిన్నగా వెనక్కి పోనిచ్చింది. దీపం ఆరింది.

"ఇంకాస్త దూరం ఉండనివ్వొచ్చుగా, రోడ్డు తడిగానే ఉంది" అన్నాడు పెద్దోడు. వాడికి ఇప్పుడు ఫోర్-హెచ్ మీద ప్రేమ పుట్టింది.

"తడిసినా తారు తారే" అంది అక్క.

నీతి: బలాలన్నీ కలిపి కట్టడం దిగబడక ముందే చేయాలి, గట్టి నేల తగలగానే విప్పేయాలి.

ఇందులో మొదటి సగం మనకి కొత్త కాదు. ముందుచూపు గురించి, ఐకమత్యం గురించి బడిలో చెప్పని కథ లేదు. రెండో సగమే ఎవరూ పట్టించుకోరు. మిత్రలాభంలో వలలో చిక్కిన పావురాలు ఒక్కుమ్మడిగా వలతో సహా ఎగిరిపోయాయని చెప్పి అక్కడితో చప్పట్లు కొట్టేస్తాం. కానీ చిత్రగ్రీవుడు ఆ గుంపుని నేరుగా ఎక్కడికి తీసుకెళ్లాడు? హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి, వల కొరికించడానికి. వేటగాడి నుంచి తప్పించిన ఆ కట్టే ఇంకొంతసేపు ఉంటే పావురాలకి మేత కూడా దొరకదు. అన్నదమ్ములు కష్టంలో ఒక్కటై నిలబడి, కష్టం తీరాక కూడా ఒకే పర్సు, ఒకే మాట అని పట్టుబట్టి, చివరికి మాటలే లేకుండా పోయిన ఇళ్లు నేను చూశాను. విడిగా ఉండనిచ్చి ఉంటే కలిసే ఉండేవాళ్లు.

బండిలో ఇది మాటవరస కాదు, లెక్క. వీ-క్రాస్ లాంటి పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్‌లో ఫోర్-హెచ్ వేస్తే, ట్రాన్స్‌ఫర్ కేసు ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ ఒక్కటిగా బిగించేస్తుంది. రెండూ సమానంగా తిరిగి తీరాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెడల్పు దారి తీసుకుంటాయి, వెనకవి లోపలి నుంచి అడ్డంగా వస్తాయి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం సుమారు 3.1 మీటర్లు. ముందు ఇరుసు 6 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే వెనకది 5.1 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. అరవృత్తం మలుపు పూర్తయ్యేసరికి ముందు చక్రాలు 2.7 మీటర్ల దూరం ఎక్కువ నడవాలి. మట్టి మీదైతే చక్రం కాస్త జారి ఆ తేడా సరిపెట్టుకుంటుంది. తారు మీద జారదు. ఆ తేడా షాఫ్టులో, జాయింట్లలో మెలికగా పోగుపడుతుంది. చిన్నోడి దీపం ఆరకపోవడానికి కారణం ఆ మెలికే. అక్క వెనక్కి నడిపింది దాన్ని విప్పడానికే.

ట్రాక్టరు నడిపేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కి మడి చివర మలుపు తిప్పకూడదని ప్రతి ట్రాక్టరు డ్రైవరుకీ తెలుసు. పాత జీపుల్లో పెద్దోడి తప్పు జరిగే వీలు తక్కువ. కొన్నిటికి ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి బిగించాల్సి వచ్చేది. బురదలో దిగబడ్డాక ఆ పని చేయడం ఎవరికీ ఇష్టముండదు కాబట్టి పొడినేల మీద ఉండగానే దిగి తిప్పుకునేవారు. ఇప్పుడు నాబ్ వేలికొసన ఉంది. ఆలోచించాల్సిన పని లేకుండా పోయింది, ఆలోచనా పోయింది.

ఫోర్-హెచ్‌లోకి మామూలు వేగంలో, గంటకి వంద కిలోమీటర్ల లోపు, మారొచ్చు. కానీ వెనక చక్రాలు జారి తిరుగుతున్నప్పుడు మాత్రం మార్చకూడదు. ఫోర్-ఎల్ వేగం కోసం కాదు. చక్రాల దగ్గరికి వచ్చే తిప్పే బలాన్ని సుమారు రెండున్నర రెట్లు చేసి, వేగాన్ని ఆ మేరకే తగ్గిస్తుంది. ఏది వేసినా బ్రేకు మాత్రం పెరగదు. ప్రతి బండికీ నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి కదా. జారే దారిలో ఫోర్ బై ఫోర్ ఉందన్న ధీమాతో వేగంగా దిగేవాడికి, ఆగాల్సి వచ్చినప్పుడు పక్కనున్న మారుతి కారుకంటే ఎక్కువ సౌకర్యమేమీ ఉండదు. పైగా బరువెక్కువ.

ఒక చక్రం గాలిలోకి లేస్తే, మామూలు డిఫరెన్షియల్ ఉన్న ఇరుసులో తిరుగుడంతా ఆ తేలిన చక్రానికే పోతుంది. రెండు ఇరుసుల్లోనూ అలా ఒక్కొక్కటి తేలితే నాలుగు చక్రాల బండి కూడా నిలబడిపోతుంది. అప్పుడు కావాల్సింది ఇంకా యాక్సిలరేటరు కాదు, చక్రం కింద ఒక రాయి.

వాడకపోయినా వారానికో, నెలకో ఒకసారి మట్టిబాట మీద తిన్నగా కొన్ని కిలోమీటర్లు ఫోర్-హెచ్‌లో నడపడం మంచిది. లేకపోతే ముందు భాగంలో ఆయిలు సరిగా కదలదు, నాబ్ మాట వినే మోటారూ బిగుసుకుపోవచ్చు. పెద్దోడి పద్ధతిలో ఏళ్ల తరబడి దాచినవాళ్లకి తీరా అవసరానికి దీపమే వెలగదు. నాలుగు టైర్లూ ఒకే సైజు, దగ్గర దగ్గరగా ఒకే అరుగుదల ఉండాలి. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేస్తే తిన్నటి దారిలో కూడా మెలిక పడుతుంది. ఇరుసు మునిగేంత వాగు దాటొస్తే, ఆ వారంలోనే హౌసింగు ప్లగ్గు విప్పించి ఆయిలు చూసుకోవాలి. పాలు కలిపినట్టు తెల్లగా కనబడితే నీళ్లు చేరాయన్నమాట. మొత్తం వంచేసి కొత్తది పోయించాలి.