యంత్రములో ఎవరున్నారు?

మనుష్యుడు తన చేతులతో చేసిన వస్తువును ప్రేమింపవచ్చునా? ఈ ప్రశ్న వేసినది పండితులు కారు, మన యౌవనస్థుల కూడికకు వచ్చు బిడ్డలే. వారు సెల్‌ఫోనులో జపాను దేశపు బొమ్మల కథలు చూచుచున్నారు. ఆ కథలలో తాటిచెట్టును మించిన యంత్రములుండును, వాటిని నడిపెడి పసివారుందురు. యంత్రము దెబ్బతినినప్పుడు చూచెడి మన పిల్లలును కన్నీరు విడుచుచున్నారు. అది విగ్రహారాధన యగునా అని ఒక చిన్నది అడిగెను. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు గనుక, ప్రియులారా, ఈ నెల దీనినిగూర్చియే వ్రాయుచున్నాను.

ఆ కథలలో మిక్కిలి పేరుపొందినది 1995 అక్టోబరు మొదలు 1996 మార్చి వరకు జపాను టెలివిజనులో 26 భాగములుగా వచ్చిన 'ఎవాంగెలియన్'. హిదెయాకి అన్నో దాని దర్శకుడు. ఆ పేరు గ్రీకు భాషలో సువార్త అను మాటయే. కథ నిండ సిలువ గుర్తులును దేవదూతల పేర్లును ఉన్నవి గాని, చూచుటకు వింతగా నుండునని వాటిని వాడుకొంటిమని ఆ పనిలోనివారొకరు తరువాత చెప్పిరి. కాబట్టి అందులో మన బోధను వెదకి ప్రయోజనము లేదు. అందులో ఆసుకా అను 14 ఏండ్ల బాలిక కలదు. ఆమె నడుపునది ఎఱ్ఱని మహాకాయము. బయట కవచము, లోపల జీవముగల దేహము. దానికి దెబ్బ తగిలినయెడల ఈమెకు నొప్పి కలుగును.

ఆసుకా తల్లి ఆ మహాకాయముతో జరిపిన ఒక పరీక్షలో మతి చెడినది. ఒక బొమ్మను ఒడిలో పెట్టుకొని, అదే తన కూతురని దానితో మాటలాడుచు, కన్నబిడ్డ ఎదుట నిలిచినను గుర్తింపకుండెను. ఆ యంత్రమును నడుపుటకు తన్ను ఎన్నుకొనిరని చెప్పుటకు పిల్ల పరుగెత్తి వచ్చిన దినమున తల్లి ఉరివేసుకొని యుండెను. అప్పటినుండి ఆసుకా బొమ్మలను అసహ్యించుకొనెను. తన యంత్రమునుకూడ బొమ్మ యనియే పిలిచి, నోరు మూసుకొని చెప్పినట్లు వినుమనెను. అది విన్నంతకాలము ఆమె గర్వించెను. అది వినుట మానినప్పుడు తనకిక విలువ లేదని కృంగిపోయెను. 1997లో వచ్చిన చలనచిత్రములో, ఒక సరస్సు అడుగున, ఆ యంత్రము లోపల ముడుచుకొని చావునకు వణకుచున్న గడియలో, తన తల్లి అందులోనే యున్నదనియు, ఇన్నాళ్లు తన్ను కాచుచుండెననియు ఆమెకు తెలియును. అప్పుడు లేచి నిలుచును. తరువాత ఓడిపోవును గాని, అది వేరే సంగతి.

ఇక్కడ నేను చాలసేపు ఆగితిని. కథ చెప్పువానికి అడ్డేమున్నది? ఆ పిల్ల ఇనుమునే ప్రేమించెనని చెప్పవచ్చును. అయినను ఆమె హృదయము కరుగుటకు ఇనుము చాలలేదు, లోపల ఒక తల్లిని దాచవలసి వచ్చెను.

మన తెలుగువారు చూచిన 'రోబో' చిత్రము (2010) ఇట్టిదే. అరవములో తీసి తెలుగులోనికి మార్చినది. చిట్టి అను యంత్రపు మనిషికి మనసు కలుగజేసిరి. అది సన అను యువతి అక్కకు పురుడు పోసెను. సన కృతజ్ఞతతో ముద్దు పెట్టగా, అది ఆ దయను హక్కుగా ఎంచుకొని ఆమెను బలవంతముగా ఎత్తుకొనిపోయెను. చివర వందలాది యంత్రములు ఒకదానినొకటి అంటుకొని భూతమంత ఎత్తున లేచును. నాకు ఆ భూతముకంటె ఆ ముద్దే ఎక్కువ భయము కలిగించినది. అది దయ, ఇది హక్కు అని వేరుచేయుట మనుష్యులకే కష్టమైయుండగా యంత్రమునకు ఎవరు నేర్పగలరు?

కథలు చాలును. మన తీరమునకు వత్తము. శ్రీహరికోట ఒకప్పుడు మన నెల్లూరు జిల్లాయే, 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడనుండి మొదటి రాకెట్టు 1971లో లేచెను. (ఆ దీవిలో కాపురమున్న యానాదులు దానికొరకు తమ చోటు విడిచిపోయిరి. రాకెట్టును పొగడునప్పుడు వారినికూడ తలచుట న్యాయము.) ప్రయోగ దినమున వేటకు పోవద్దని పడవలను నిలుపుదురు. అట్లు 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరి, ఆగస్టు 23న చంద్రునిమీద దిగెను. అందులోని రోవరు బరువు 26 కిలోలు, ఒక బియ్యపు బస్తా ఎత్తు. అది నూరు మీటర్లు నడిచెను. సెప్టెంబరు 2న దానిని నిద్రపుచ్చితిమని ఇస్రో ప్రకటించెను. చంద్రునిమీద మరల తెల్లవారగా 22వ తేదీన పిలిచిచూచిరి గాని జవాబు రాలేదు. పాపము, లేవలేదా అని మన అరుగులమీద పెద్దలుకూడ విచారించిరి. ఇంటి బిడ్డను గూర్చి మాటలాడినట్లే యుండెను.

ఆ సెప్టెంబరు మొదటి దినములలోనే, శ్రీహరికోటలో ఎన్నో ప్రయోగములకు కౌంట్‌డౌన్ పలికిన వలర్మతిగారు గుండెపోటుతో చెన్నైలో మరణించిరి. రోవరు నిద్రకు విచారించినవారిలో ఈమెను తలచినవారెందరు? అయినను ఆ విచారము తప్పని నేననను. ఆ 26 కిలోల లోపల వందలమంది స్త్రీపురుషుల నిద్రలేని రాత్రులున్నవి. జనులు ఎరుగకయే వారిని ప్రేమించిరి. ఎరిగి ప్రేమించిన ఇంకను మేలు.

పేదవాని గొఱ్ఱెపిల్లను గూర్చి నాతాను చెప్పినప్పుడు, గొఱ్ఱెయే గదా యని దావీదు తీసివేయలేదు (2 సమూ. 12). కాని యెషయా 44వ అధ్యాయములో, ఒక మ్రానులో సగము పొయ్యిలో పెట్టి, మిగిలిన సగమునకు మ్రొక్కువానిని ప్రవక్త ఎగతాళి చేయుచున్నాడు. మన పట్టపుపాలెములలో ఫైబరు పడవలు వచ్చిన తరువాతకూడ, తండ్రి నడిపిన పాత తెప్ప మ్రానును పొయ్యిలో పెట్టుటకు చేయి రానివారున్నారు. వారు విగ్రహారాధికులా? కారు. వారు ఆ మ్రానును ఏమియు అడుగుట లేదు, తండ్రిని తలచుకొనుచున్నారు. ప్రవక్త తప్పుపట్టినది మ్రానును ప్రేమించినందుకు కాదు, దానియొద్ద రక్షణ అడిగినందుకు. ఆసుకా పడిన గుంటయు ఇదే. తన విలువ ఎంతో చెప్పుమని యంత్రమును అడిగినది. ఆ చిన్నదానికి నేనిచ్చిన జవాబు ఇంతే: ఏడువవచ్చును, అడుగరాదు.

ఇది జపాను పిల్ల కథ మాత్రమే కాదు. మన సంఘములలో తల్లులు కువైటులో ఇంటిపని చేయుచుండగా అవ్వల యొద్ద పెరుగుచున్న బిడ్డలున్నారు. తల్లి రాత్రి పది నిమిషములు ఆ గాజు పలకమీద కనబడును. ఆమె ఒడిలో యజమాని బిడ్డ ఉండును. ఇచ్చట కన్నబిడ్డ చూచుచుండును. ఆ తల్లిని ఎవరును నిందింపరాదు, ఈ బిడ్డ అన్నముకొరకే ఆ బిడ్డను ఎత్తుకొన్నది. అయినను చూచుచున్న కన్నులకు ఆ సంగతి ఎవరు చెప్పవలెను?

అట్టి ఇంటిలో ఒక అవ్వ నన్ను పిలిచి, "అయ్యగారూ, చెడిపోయిన ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. పాత సామాన్లవాడికి వేద్దామంటే ఏడుస్తుంది. ఏమన్నా సోకిందేమో ప్రార్థన చెయ్యండి" అనెను. నేను పిల్లను అడిగితిని. "అమ్మ మాటలు ఇందులోనే ఉండాయి" అనెను.

"ఉండనీయండవ్వా," అంటిని. "అది పలకదు గదా, మరి దీంతో రాత్రిపూట ఎవరు మాట్లాడుతున్నారు?"

"నాకు చెవులు వినబడవు గదయ్యా, నాతో ఏం మాట్లాడుద్ది?"

పిల్ల ఆమె ప్రక్కకు జరిగి, చెవి దగ్గర నోరు పెట్టి, ఏమో చెప్పెను. నాకు వినబడలేదు. అవ్వ ఆ ఫోనును కొంగుతో తుడిచి, మరల దిండు క్రింద పెట్టెను.